బండ కింద ప్రాణం

పైన చూస్తే శనగ చేను. కింద మూడు కిలోమీటర్లకు పైగా చీకటి దారులు, అడుగున ఆగని నీటి పాయ. నంద్యాల జిల్లా బేలం గుహలో నడుస్తూ చదివిన రాయి కథ, నీటిచుక్క కథ, కళ్లు లేని ఓ చిన్న ప్రాణి కథ ఇది.

గుహ అనగానే మన కళ్ల ముందు కొండ నిలుస్తుంది. యాగంటిలో అగస్త్యుడి గుహ చూడాలంటే మెట్లెక్కాలి. బొర్రా గుహలకు అనంతగిరి కొండల్లోకి పోవాలి. బేలంలో కొండ లేదు. కొలిమిగుండ్ల మండలంలో ఎటు చూసినా చదును నేల, శనగ చేలు, జొన్న చేలు, గట్ల మీద పేర్చిన నాపరాళ్లు. ఆ చదునులోనే, ఎవరో పెద్ద బావి తవ్వి వదిలేసినట్టు, నేల నోరు తెరుచుకుని ఉంటుంది. పక్కపక్కనే మూడు గుంతలు. నడిమి గుంతలోకి మెట్లు.

దిగుతుంటే ముందు చప్పుళ్లు మారతాయి. రోడ్డు మీది లారీల మోత సన్నగిల్లుతుంది. పావురాల రెక్కల చప్పుడు దగ్గరవుతుంది. ఇంకో మలుపు తిరిగేసరికి ఎండ వెనకబడి, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. “లోపల ఉక్కగా ఉంటాది సార్. తొందర లేదు, నిదానంగా రాండి” అన్నాడు ముందు నడుస్తున్న గైడు. ఆ ఉక్కను తట్టుకోలేరనే సందర్శకుల కోసం లోపలికి గొట్టాలతో గాలి పంపుతున్నారు.

బిలం అనే మాట నుంచే బేలం అనే పేరు వచ్చిందని చెబుతారు. బిలమంటే రంధ్రం, ఖాళీ. కానీ ఈ ఖాళీని చెక్కింది నీరు. ఇప్పటికీ దీని అడుగున పారుతున్నదీ నీరే. అందుకే బేలాన్ని చూడవలసింది వింత రాళ్ల కొలువుగా కాదు, ఈ సీమ నీరు భూమిలోకి నడిచివెళ్లే దారిగా. ఆ దారిలో కాపురాలున్నాయి. వాటి గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

పాదాల కింది సముద్రం

గుహలో మరో అడుగు వేసే ముందు మన ఇళ్లను ఒకసారి తలచుకుందాం. అమ్మమ్మ ఇంటి వసారాలో, బడి వరండాలో, గుడి ప్రాకారంలో ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా తగిలే నల్లటి బండ గుర్తుందా? బేతంచెర్ల బండ, కడప బండ, తాడిపత్రి బండ అని ఊరికో పేరున్నా మనందరం నాపరాయి అనే పిలుస్తాం. గనిలో కూలీ ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఆ బండ పుస్తకంలోంచి పుట ఊడినట్టు పలకగా లేస్తుంది. అది పలకలుగానే ఎందుకు లేస్తుంది? పలకలుగానే పేరుకుంది గనక.

ఇక్కడంతా ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా దిగి, బరువుకు బిగిసి రాయయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల వరసను కర్నూలు గ్రూపు అంటారు. వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటే. అందుకే నాపబండలో ఎంత వెతికినా మనకు తెలిసిన గవ్వ గానీ చేప ముల్లు గానీ దొరకదు. అవి భూమ్మీదికి రాకముందే ఆ బురద అడుగున పడింది. నేల మీద అప్పటికి ఒక్క చెట్టూ లేదు.

బేలం గోడను దగ్గరగా చూస్తే ఈ పొరలు కళ్లకు కడతాయి. అరచేతి మందం పొర, దాని మీద వేలి మందం పొర, మధ్యలో సన్నటి గీత. ఇంట్లో మనం నడిచే నేలనే ఇక్కడ నిలువునా కోసి చూపించినట్టుంటుంది.

చుక్క చేసే పని

అంత గట్టి బండను నీరు ఎలా తొలిచింది? వానచుక్క గాలిలోంచి కొంత, మట్టిలోంచి మరింత కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని కార్బానిక్ ఆమ్లం అవుతుంది. మనం తాగే సోడాలో ఉండేదీ ఇదే. నాలుకకు కాస్త చురుక్కుమనిపించే ఈ పులుపు గ్రానైటును అంత తేలిగ్గా కదిలించలేదు. సున్నపురాయిని మాత్రం కరిగిస్తుంది. రాయిలోని పగుళ్ల వెంట, పొరల మధ్య సందుల వెంట నీరు జొరబడుతుంది. వెంట్రుకంత సందు వేలంత అవుతుంది. వేలు పట్టే సందు పెద్దదై మనిషి పట్టే దారి అవుతుంది. లక్షల వానాకాలాలు కూలి లేకుండా చేసిన పని అది.

ఇలా నీరు కరిగించి మలిచిన నేలకు కార్స్ట్ అని పేరు. స్లొవేనియాలోని క్రాస్ అనే సున్నపురాయి పీఠభూమి పేరు నుంచి వచ్చిన మాట. కార్స్ట్ నేలలో వాగులు పైన పారుతూ పారుతూ హఠాత్తుగా మాయమవుతాయి. ఇంకెక్కడో ఊటగా పైకి లేస్తాయి. యాగంటి పుష్కరిణిలో ఏడాది పొడవునా నిలిచే తేటనీరు భక్తులకు అగస్త్యుడి మహిమ. దాని చుట్టూ ఉన్నది కూడా ఈ సున్నపురాయే.

బేలంలో చాలాచోట్ల దారి పైకప్పు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. నీరు అడుగునే పారి ఉంటే నేల మాత్రమే కోసుకుపోయేది. కప్పు కూడా అరిగిందంటే ఒకప్పుడు ఈ సొరంగం నిండుగా నీటిలో మునిగి ఉన్నదన్న మాట. తర్వాత భూగర్భజలం కిందికి దిగింది, గొట్టంలోకి గాలి వచ్చింది. మనం నడుస్తున్నది ఖాళీ అయిన నీటి గొట్టంలో.

గాలి వచ్చాక కథ తిరగబడింది. సున్నం కరిగించుకున్న నీటిచుక్క పైకప్పు నుంచి వేలాడుతూ గుహ గాలిని తాకుతుంది. గోలీసోడాలో గోలీ నొక్కగానే బుస్సుమని గ్యాసు పోయినట్టే, చుక్కలోని కార్బన్ డయాక్సైడు నిశ్శబ్దంగా గాలిలో కలుస్తుంది. పులుపు తగ్గిన నీరు ఇక సున్నాన్ని మోయలేదు. చుక్క అంచున కంటికి ఆనని ఉంగరంలా దాన్ని దించి కింద పడుతుంది. తర్వాతి చుక్క కూడా అంతే. ఉంగరం మీద ఉంగరం చేరి సన్నని గొట్టమవుతుంది, గొట్టం లావెక్కి ఊడ అవుతుంది. కింద చుక్క పడిన చోట మొలక లేస్తుంది. పైనున్నది స్టాలక్టైట్, కింద లేచేది స్టాలగ్మైట్. రెండూ కలిస్తే స్తంభం.

గైడు టార్చి ఒక ఊడ కొసకు తిప్పి ఆగాడు. కొసన బియ్యపు గింజంత చుక్క. కదలదు, పడదు. లోపల టార్చి వెలుగు తలకిందులుగా కనిపిస్తోంది. మేం ఎదురుచూశాం. చుక్క నెమ్మదిగా ఉబ్బింది, మెడ సన్నబడింది, టప్పుమంది. ఇలాంటి ఊడ ఏడాదికి సగటున మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుందనుకుంటే అడుగు పొడవు కావడానికి మూడువేల ఏళ్లు పడుతుంది. సరదాకు విరిచి జేబులో వేసుకున్న ముక్క ఏ రాజుల కాలానికి ముందు మొలకెత్తిందో ఊహించుకోవచ్చు.

కోటిలింగాలు, వేయిపడగలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ... ఈ ఆకారాలకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు చూడముచ్చటగా ఉంటాయి. సింహద్వారం దగ్గర ఊడలు కలిసి నిజంగానే సింహం తలలా కమాను కట్టాయి. సప్తస్వరాల గుహలో ఊడను కర్రతో తడితే లోహంలా మోగుతుంది. మోగుతుందని అందరూ తడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చేతి జిడ్డు అంటిన చోట నీరు సరిగా పట్టక పెరుగుదల ఆగిపోతుంది కూడా.

దారి చివర పాతాళగంగ

దారులు చీలి, కలిసి, ఇరుకై, వంగి నడిచేలా చేసి చివరికి గుహలో అన్నిటికంటే లోతైన చోటికి చేరుస్తాయి. నేల మట్టం నుంచి 46 మీటర్లు, అంటే సుమారు 150 అడుగులు. అక్కడ ఏడాది పొడవునా పారే చిన్న నీటి పాయ ఉంది. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పారి, రాతిలో దూరి కనుమరుగవుతుంది. పేరు పాతాళగంగ. ఆ నీరే రెండు కిలోమీటర్ల అవతలి బేలం ఊరి బావికి చేరుతుందని ఊరివాళ్ల నమ్మకం.

ప్రపంచంలో దీనికంటే లోతైన గుహలున్నాయి. నల్లసముద్రం పక్కన అబ్ఖాజియాలోని వెర్యోవ్‌కినా గుహ 2,200 మీటర్లు దాటింది. దాని పొరుగునే ఉన్న క్రూబెరా గుహలో 1,980 మీటర్ల లోతున కళ్లు లేని, రెక్కలు లేని చిన్న కీటకం లాంటి ప్రాణి దొరికిందని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటి ముందు 46 మీటర్లు చిన్న లెక్కే. కానీ భూమి లోపల ప్రాణం ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి మనం అంత దూరం పోనక్కర్లేదు. పాతాళగంగ గట్టున కూర్చుంటే చాలు.

కొలిచినవాళ్లు, తవ్వినవాళ్లు

స్థానికులకు ఈ గుంతలు ఎప్పటి నుంచో తెలుసు. 1884లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని రికార్డుకెక్కించాడు. దక్షిణ భారతంలో రాతియుగపు మనిషి జాడను 1863లో పల్లావరంలో దొరికిన గొడ్డలితో నిరూపించింది ఆయనే. తర్వాత దాదాపు వందేళ్లు బేలాన్ని పట్టించుకున్నవారు లేరు. 1982, 83 సంవత్సరాల్లో డానియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మనీ గుహాన్వేషకులు వచ్చి, పాక్కుంటూ, వంగుతూ, ప్రతి మలుపూ కొలిచి పటం గీశారు. 3,229 మీటర్లు! మైదాన ప్రాంతంలో ఇంత పొడవైన సహజ గుహ ఉన్నదని లోకానికి తెలిసింది అప్పుడే. 1988లో రాష్ట్ర ప్రభుత్వం రక్షణ కల్పించింది. దారులు బాగుచేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచారు.

ఫుట్‌కు ఆ రోజుల్లో ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం బేతంచెర్ల దగ్గరి బిల్వస్వర్గం గుహలు. కొడుకు హెన్రీతో కలిసి ఆయన అక్కడ మట్టి పొరలు తవ్విస్తే ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని పేరు పెట్టాడు. కర్నూలు గడ్డ మీద ఖడ్గమృగం! అదే గుహల తవ్వకాల ఆధారంగా 2014లో వచ్చిన పరిశోధన ఇంకో గొప్ప మాట చెప్పింది. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు రెండు లక్షల ఏళ్లుగా ఈ ఉపఖండంలో ఏదో ఒకచోట బతుకుతూనే ఉన్నాయి. మంచుయుగాల ఎగుడుదిగుళ్లను ఈ నేల మీది జంతువులు తట్టుకున్నాయి. అవి నిలబడ్డాయన్న సాక్ష్యాన్ని దాచి ఉంచింది గుహ.

గుహలు దాచింది ఎముకల్నే కాదు. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహలో దొరికిన స్టాలగ్మైట్ పొరల్లోని ఆక్సిజన్‌ను పరీక్షించి, పదిహేను వేల ఏళ్ల కిందటి నైరుతి రుతుపవనాలు ఎప్పుడు బలపడ్డాయో, ఎప్పుడు ముఖం చాటేశాయో లెక్కగట్టారు. మేఘాలయలోని మామ్లూ గుహ స్టాలగ్మైట్‌లో 4,200 ఏళ్ల కిందటి మహా కరువు ఆనవాలు ఎంత స్పష్టంగా ఉందంటే, 2018లో భూమి చరిత్రలోని ప్రస్తుత కాలానికి ‘మేఘాలయన్’ అనే పేరే పెట్టారు. కరువు అంటే ఏమిటో తెలిసిన సీమలో వానల లెక్క రాళ్లలో భద్రంగా ఉండటం ఎంత విలువైన సంగతి!

చీకటి కాపురం

గుహ ఒకే ఇల్లు కాదు, మూడు గదుల ఇల్లు. వాకిట్లో వెలుగు ఉంటుంది. పావురాలు, గుడ్లగూబలు, బల్లులు అక్కడివరకే. నడవలో మసక వెలుతురు. అక్కడ గోడలకు సాలీళ్లు, పొడవాటి మీసాల కీచురాళ్లు. లోపలి గదిలో కారుచీకటి. సూర్యుడు ఎన్నడూ తొంగిచూడని ఆ గదిలో ఆకు మొలవదు. మరి తిండి?

బయటి నుంచే రావాలి. తెచ్చిపెట్టేది ఎక్కువగా గబ్బిలం. రాత్రంతా చేల మీద పురుగుల్ని ఏరి తిని, తెల్లారేలోపు వచ్చి తలకిందులుగా వేలాడుతుంది. దాని రెట్ట గుహ నేల మీద పడుతుంది. రెట్ట మీద బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని చిన్న పురుగులు తింటాయి. ఆ పురుగుల కోసం సాలీళ్లు కాచుకుంటాయి. మనం ముక్కు మూసుకునే ఆ కంపు గుహలో ఉన్న ఎన్నో ప్రాణులకు అన్నం వాసన. రైతుకు గబ్బిలం జీతమడగని పాలేరు. చాలా రకాల గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. పిల్లలున్న వేళ దీపాలు, కేకలు, ఫ్లాష్‌లు పడితే గుంపు గుంపంతా చోటు వదిలి పోతుంది. అప్పుడు కింద వడ్డన ఆగిపోతుంది.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచే కాపురం నీళ్లలో ఉంది. పూలకుండీ ఎత్తితే అడుగున తడిమట్టిలో బూడిదరంగు పురుగు కనిపిస్తుంది, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది. దాని వంశాన్ని ఐసోపాడ్లు అంటారు. పీతకూ రొయ్యకూ దూరపు చుట్టాలు. ఈ వంశంలోని అతి ప్రాచీన శాఖకు చెందిన ఒక కొత్త ప్రాణిని 2011లో ఆంధ్రప్రదేశ్ భూగర్భజలాల నుంచి గుర్తించారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన జంతు శాస్త్రవేత్త వై.రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ కలిసి దాని ప్రజాతికి పెట్టిన పేరు ‘ఆంధ్రకాయిడెస్’. మన సున్నపురాయి గుహల నుంచి ఇదే ప్రజాతిలో మరో జాతిని 2017లో వర్ణించి, గుహలు కొలిచిన గెబౌర్ పేరు మీద ‘ఆంధ్రకాయిడెస్ గెబౌరి’ అన్నారు.

గోరంత ప్రాణి. ఒంట్లో రంగు లేదు, చీకట్లో ఎవరికి చూపించాలి? కళ్లు లేవు, చూడటానికి ఏముంది? స్పర్శతో, వాసనతో దారి వెతుక్కుంటుంది. దీని దగ్గరి బంధువులు ఎక్కడున్నారో తెలిస్తే కాసేపు మాట రాదు. ఒకటి కాశీలో. అక్కడి బావుల్లో దొరికిన ‘నికోల్సియా కాశియెన్సే’ను 1950లోనే వర్ణించారు. మిగతావి పశ్చిమ ఆస్ట్రేలియా, విక్టోరియా, టాస్మేనియాల భూగర్భంలో!

మంచినీటి ప్రాణి, పైగా బయటికి రాని ప్రాణి హిందూ మహాసముద్రం ఎలా దాటింది? దాటలేదు. నేలే విడిపోయింది. మన గోండు సీమ పేరుతో పిలిచే గోండ్వానా మహాఖండం చీలినప్పుడు, సుమారు పదమూడు కోట్ల ఏళ్ల కిందట, భారతదేశం ఆస్ట్రేలియా, అంటార్కిటికాల నుంచి వేరుపడి ఉత్తరానికి కదిలింది. ఈ ప్రాణి పూర్వీకులు ఆ నేల లోపలి నీటిలో ఉండి దానితోపాటే ప్రయాణించాయని శాస్త్రవేత్తల వివరణ. దక్కను లావా ప్రవహించినప్పుడు, రాక్షసబల్లులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, ఇవి బండ కింద తమ చీకట్లో తాము బతికాయి. బొర్రా గుహల నీటిలోనూ ఇలాంటి కళ్లు లేని సూక్ష్మ ప్రాణి ఒకటి దొరికింది. దాని పేరులో ఏకంగా బొర్రాయే ఉంది: ‘హాబ్రోబాథినెల్లా బొర్రాయెన్సిస్’.

ముచుకుందుడు గుహలో యుగాల తరబడి నిద్రపోయాడని భాగవతం చదివిన ప్రతి ఇంటా తెలుసు. పల్నాడులో గుత్తికొండ బిలమే ఆ చోటని జనం తొలి ఏకాదశికి కట్టకట్టుకుని పోతారు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని నమ్ముతారు. యుగాల కాలాన్ని దాచే చోటుగా గుహను మన పెద్దలు ఊహించడం ఎంత సరైనదో ఈ గోరంత ప్రాణి చెబుతోంది.

పైన పడేసింది కిందికే

ఒకప్పుడు చుట్టుపక్కల చెత్తంతా బేలం గుంతల్లోనే పడేసేవారు. ఊరికి ఎడంగా ఉన్న పాడు గుంత కదా అనుకున్నారు. ఇప్పుడు పాతాళగంగ దిక్కును, ఊరి బావి మీది నమ్మకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇసుక నేలలో ఇంకిన నీరు వడకట్టుకుంటూ దిగుతుంది. కార్స్ట్ నేలలో వడపోత ఉండదు. గుంతలో పడిన మురికి, చేలో చల్లిన పురుగుమందు పగులు వెంట సొరంగంలోకి, సొరంగం వెంట ఎవరి బావిలోకో పోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు పదో వంతు ఇలాంటి కార్స్ట్ నీటి మీదే ఆధారపడి బతుకుతోంది. ఆ పదో వంతులో మన సీమ పల్లెలూ ఉన్నాయి.

ఈ సున్నపురాయి మీద ఎన్నో కుటుంబాల పొయ్యి వెలుగుతోంది. నాపరాయి గనులు, పాలిష్ మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడి కూలీకి, లారీ డ్రైవరుకు జీవనాధారం. వాటిని మూసేయాలని ఈ కథనం అనదు. అడిగేది ఒక్కటే. పేలుడు మందు పెట్టే ముందు కింద ఏముందో చూడాలి. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ ఊట ఉంది, ఏ నీరు ఎటు పోతోంది, అందులో ఏ ప్రాణి ఉంది అన్న పటం కర్నూలు, నంద్యాల, కడప, పల్నాడు గుహలన్నిటికీ తయారు కావాలి. గుహలో అయితే దీపాలు మనిషి ఉన్నంతసేపే వెలగాలి. వెలుగూ తడీ కలిసిన చోట రాతి మీద నాచు పుట్టి, వేల ఏళ్ల తెలుపును పచ్చగా తినేస్తుంది. గబ్బిలాలు పిల్లల్ని పెట్టే మూలలకు మనం పోకుండా ఉండాలి. ఇవేవీ కోట్ల రూపాయల పనులు కావు.

వెళ్లాలనుకుంటే: దగ్గరి రైల్వేస్టేషన్ తాడిపత్రి. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. పలుచని నూలు బట్టలు, జారని చెప్పులు వేసుకోండి. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి, ఖాళీ సీసా వెంట తెచ్చేయండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు లోతుకు దిగకపోవడం మంచిది. ఊడలను కళ్లతోనే తాకండి.

మెట్లెక్కి పైకొచ్చేసరికి ఎండ ముఖాన కొట్టింది. చెమటకు తడిసిన ముఖం, చేతులు కుళాయి దగ్గర కడుక్కుని వేపచెట్టు కింద కూర్చున్నాను. కూర్చున్నది నాపబండ మీద. కాసేపటికి నీళ్లు ఆరిన మోచేతి మీద సన్నగా తెల్లటి మరక కనిపించింది. బిందెకు గార పట్టినట్టు, వేలితో గీస్తే పొడిగా రాలే మరక. లోపల ఊడ కొసన చుక్క దించిపోయే సున్నం ఇదే. కింద రాయి కరిగించిన నీరు, గబ్బిలాల నేల దాటి, కళ్లు లేని ప్రాణుల్ని తాకి, పైపు ఎక్కి నా చేతి దాకా వచ్చింది. గైడు కూడా అదే కుళాయి కింద దోసిలి పట్టి, కడుపునిండా తాగాడు.